ఉన్నత పాఠశాల తరగతి గదికి ఎలాంటి డాక్యుమెంట్ కెమెరా తీసుకోవాలి?

ప్రశ్న
(జీవశాస్త్ర ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిది నుంచి పది తరగతులకు జీవశాస్త్రం చెబుతున్నాను. మా బడిలో చదువుకొని వెళ్లిన పిల్లలు కొందరు కలిసి ఒక డాక్యుమెంట్ కెమెరా (బల్ల మీది వస్తువును పైనుంచి చూసి తెర మీద పెద్దదిగా చూపించే కెమెరా) కొనుక్కోమని 15,000 రూపాయలు ఇచ్చారు. ఆ సొమ్మును వృథా చేయకూడదన్న బాధ్యత నా మీద ఉంది కాబట్టి, ఇప్పటికే వాడుతున్న ఉపాధ్యాయుల అనుభవం తెలుసుకొని కొందామని ఈ ప్రశ్న రాస్తున్నాను.

నాకు దీని అవసరం ఎలా కలిగిందో చెబితే మీకు సలహా ఇవ్వడం సులువవుతుంది. తొమ్మిదో తరగతిలో 48 మంది ఉన్నారు. పుష్ప భాగాలు చెప్పేటప్పుడు మందార పువ్వును నిలువుగా కోసి చేతికిస్తే, అది మూడో బెంచీ చేరేసరికే పుప్పొడి రాలిపోతుంది. ఆరో బెంచీకి వెళ్లేసరికి కేసరనాళం విరిగి, లోపలి కీలం ఒక్కటే మిగులుతుంది. చివరి బెంచీల పిల్లలు పుస్తకంలోని బొమ్మను చూసి తృప్తి పడవలసిందే. కీలాగ్రం కొసన ఉన్న ఐదు ఎర్రని బొడిపెలను 48 మందీ ఒకేసారి చూడాలన్నది నా కోరిక. ఉల్లిపొర కణాలను కూడా సూక్ష్మదర్శిని నుంచి తెర మీదకు తేగలిగితే ఇంకా సంతోషం.

మా దగ్గర రెండు గదులున్నాయి. ఒక గదిలో 1024×768 చుక్కల పాత ప్రొజెక్టరు, దానికి ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. రెండో గదిలో గోడకు బిగించిన 65 అంగుళాల ఇంటరాక్టివ్ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) ఉంది. కెమెరాను రెండు గదుల్లోనూ వాడుకోగలగాలి. గణితం మాస్టారు వృత్తలేఖినితో చేసే నిర్మాణాలకు, తెలుగు మాస్టారు పిల్లల నోటు పుస్తకాలు చూపించడానికి కూడా అడుగుతున్నారు.

దుకాణంలో 8 మెగాపిక్సెళ్లు, 13 మెగాపిక్సెళ్లు, 16 మెగాపిక్సెళ్లు అంటూ చూపిస్తున్నారు. ఎక్కువ ఉన్నదే తీసుకోవాలా? యూఎస్‌బీ ఒక్కటే ఉంటే చాలా, హెచ్‌డీఎంఐ కూడా ఉండాలా? అసలు ఫోనును ఒక స్టాండుకు బిగించుకుంటే సరిపోదా? దయచేసి తెలియజేయండి.


సమాధానం 1
(భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా)

మేడమ్ గారికి నమస్కారం. నేను నాలుగేళ్లుగా రోజూ డాక్యుమెంట్ కెమెరాతో పాఠం చెబుతున్నాను. మొదట కొన్న కెమెరా ఎంపికలో పొరపాటు చేశాను, రెండోది చూసి కొన్నాను. రెండింటి అనుభవమూ చెబుతాను.

ముందుగా మెగాపిక్సెళ్ల సంగతి. 13 మెగాపిక్సెళ్ల కెమెరా 1 కోటి 30 లక్షల చుక్కలను పట్టుకుంటుంది. మీ ప్రొజెక్టరు గోడ మీద వేయగలిగేవి 7,86,432 చుక్కలు మాత్రమే. అంటే పువ్వు మొత్తాన్ని చూపించినప్పుడు పిల్లలకు 2 మెగాపిక్సెళ్ల కెమెరాకూ 13 మెగాపిక్సెళ్ల కెమెరాకూ తేడా కనిపించదు. ఎక్కువ చుక్కలు పనికివచ్చేది బొమ్మలో ఒక మూలను పెద్దది చేసి చూపించినప్పుడే. ఆ అవసరం మీకు ఉంది కాబట్టి 8 మెగాపిక్సెళ్లు ఉంటే మంచిదే, అంతకు మించి డబ్బు పెట్టనవసరం లేదు. పెట్టె మీద రాసే ఆ పెద్ద అంకె చాలాసార్లు నిశ్చల చిత్రానికి సంబంధించినది. కదిలే దృశ్యం ఏ పరిమాణంలో, సెకనుకు ఎన్ని ఫ్రేములతో (విడివిడి చిత్రాలతో) వస్తుందో విడిగా అడగండి. నేను మొదట కొన్నది కార్యాలయాల్లో కాగితాలు స్కాన్ చేయడానికి తయారైన కెమెరా. ఫొటో అద్భుతంగా తీసేది కానీ, పూర్తి పరిమాణంలో దృశ్యం సెకనుకు ఐదారు ఫ్రేములకు మించి వచ్చేది కాదు. నేను ఒక గీత గీసి చెయ్యి తీసేశాక, తెర మీద నా చెయ్యి ఇంకా గీస్తూ కనిపించేది. పిల్లలు నా మాట వినాలో తెరను చూడాలో తెలియక తికమకపడ్డారు. 1920×1080 పరిమాణంలో సెకనుకు 30 ఫ్రేములు నికరంగా వచ్చేదే బోధనకు పనికివస్తుంది.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఫోకస్. తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరా వినడానికి బాగుంటుంది. వాడుకలో ఏమవుతుందంటే, మీరు పువ్వు దగ్గరకు సూదిని తెచ్చిన ప్రతిసారీ కెమెరా పువ్వును వదిలి మీ వేలి మీద ఫోకస్ వెతుక్కుంటుంది, చెయ్యి తీయగానే మళ్లీ పువ్వును వెతుక్కుంటుంది. ఒక పీరియడులో ఇది పదుల సార్లు జరిగితే పిల్లల కళ్లు అలసిపోతాయి. ఒకసారి ఫోకస్ చేసి అక్కడే ఆపివేసే బొత్తం కెమెరా మీదే ఉండాలి. మౌసుతో కంప్యూటరులో వెతికి ఆపే పద్ధతి పాఠం మధ్యలో కుదరదు. అలాగే దృశ్యాన్ని స్తంభింపజేసే బొత్తం కూడా చూడండి. తెర మీద పాత బొమ్మ నిలిచి ఉండగానే కింద మరో పువ్వు సిద్ధం చేసుకోవచ్చు.

మూడోది చెయ్యి, అంటే కెమెరాను పట్టి ఉంచే కాడ. పాము మెడలా వంగే కాడ సూక్ష్మదర్శిని దగ్గరకు, పరీక్షనాళిక పక్కకు తేవడానికి అనువుగా ఉంటుంది కానీ, అదే బల్ల మీద మీరు రాస్తుంటే ఊగుతుంది. బాగా పెద్దది చేసి చూపించేటప్పుడు ఆ చిన్న ఊపే తెర మీద భూకంపంలా కనిపిస్తుంది. కీళ్ల దగ్గర మడిచే గట్టి కాడ, కింద బరువైన దిమ్మ ఉన్నది మేలు. నేను ఇప్పుడు కెమెరాను ఒక స్టూలు మీద, కాగితాన్ని బల్ల మీద పెట్టి వాడుతున్నాను. స్టూలు బల్లను తాకకుండా రెండు వేళ్ల ఎడం ఉంచితే ఎంత గట్టిగా రాసినా బొమ్మ కదలదు.

వెలుతురు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కెమెరాకు ఉన్న ఎల్‌ఈడీ దీపం నునుపు కాగితం మీద పడితే పేజీ మధ్యలో తెల్లని మచ్చ ఏర్పడి అక్షరాలు మాయమవుతాయి. సన్‌మైకా బల్ల మీద కాగితం పెడితే పక్కనే ట్యూబులైటు ప్రతిబింబం కనిపిస్తుంది. బల్ల మీద ముదురు రంగు బట్టనో, నలుపు చార్టునో మెరుపు లేనిది చూసి పరచండి, పువ్వు రేకులు కూడా దాని మీద చక్కగా తేలి కనిపిస్తాయి. కెమెరాను పెట్టే చోటు సరిగ్గా సీలింగు ఫ్యాను కింద ఉండకూడదు. రెక్కల నీడ కాగితం మీద తిరుగుతుంటే కెమెరా వెలుతురును సరిచేసుకుంటూ దృశ్యాన్ని మినుకు మినుకుమనిపిస్తుంది. ఇదిగాక ట్యూబులైటు వెలుగులో తెర మీద నల్లని పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటే కెమెరా పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కెమెరా 60 హెర్ట్‌జ్‌కు అమర్చి ఉండవచ్చు. సెట్టింగుల్లో 50కి మారిస్తే పట్టీలు పోతాయి. ఈ మార్పుకు వీలు లేని కెమెరాను మాత్రం కొనవద్దు.

మీ ఉల్లిపొర ప్రయోగానికి ఒక మాట. సఫ్రానిన్ అనే ఎర్ర రంగు వేసిన స్లైడును ముందు మీ కంటితో చూసి, తక్కువ వర్ధనం దగ్గరే స్పష్టంగా అమర్చుకొని, తరువాత కెమెరాను అక్షికటకానికి (కన్ను పెట్టి చూసే కటకానికి) ఆనించీ ఆనించనట్టు తీసుకురండి. కొన్ని కెమెరాలకు అక్షికటకం మీద తొడిగే గొట్టం విడిగా వస్తుంది. అది లేకపోతే నల్ల కాగితాన్ని చిన్న గొట్టంలా చుట్టి అక్షికటకానికి తొడిగితే బయటి వెలుతురు పడదు. మొదటిసారి కణకవచాల వరుసలు, మధ్యలో ఎర్రని చుక్కలాంటి కేంద్రకాలు తెర మీద కనిపించినప్పుడు మా తరగతిలో ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చింది. తరువాత ఒక పాప లేచి, ఆ గదులన్నీ ఒకే కొలతలో ఎందుకు లేవు సార్ అని అడిగింది. పుస్తకంలో బొమ్మ చూసినన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

నా సబ్జెక్టులో దీనికి సాటి లేదనిపించే పాఠం అయస్కాంత బలరేఖలది. దండాయస్కాంతం మీద అట్ట పెట్టి ఇనుప రజను చల్లి వేలితో తట్టితే రేఖలు ఏర్పడటం పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. అట్టను ఎత్తి చూపిస్తే రజను జారిపోతుంది. కెమెరా కింద అయితే తట్టిన ప్రతి తట్టుకూ రజను వరుసలు తీరడం అందరికీ కనిపిస్తుంది.


సమాధానం 2
(కళాశాలలో ప్రొజెక్టర్లు, కంప్యూటర్ల నిర్వహణ చూసే సాంకేతిక సహాయకుడు, గుంటూరు)

మాస్టారు చెప్పినవన్నీ నిజం. నేను తీగలు, కనెక్షన్ల విషయం మాత్రం చెబుతాను, ఎందుకంటే కొన్న తరువాత మూలన పడేసిన పరికరాలు ఎక్కువగా ఈ కారణంతోనే పడి ఉంటాయి.

విడిగా డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేరు) వేయనవసరం లేకుండా ఏ కంప్యూటరుకు పెట్టినా వెబ్‌క్యామ్‌లా పనిచేసే కెమెరాను అడగండి. దీనిని యూవీసీ ప్రమాణం అంటారు. విండోస్‌లోనూ ఉబుంటులోనూ అది పనిచేస్తుంది. తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేరుతోనే నడిచే కెమెరా అయితే, ల్యాప్‌టాప్ మార్చిన రోజున మీకు కష్టాలు మొదలవుతాయి. మీ రెండో గదిలోని ప్యానెల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆండ్రాయిడ్‌తో నడిచే ప్యానెళ్లన్నీ బయటి యూఎస్‌బీ కెమెరాను గుర్తించవు. కొన్నింటిలో గుర్తించినా దానిని తెరిచే యాప్ ఉండదు. ఎవరి దగ్గరైనా ఒక మామూలు వెబ్‌క్యామ్ అడిగి తెచ్చి, మీ ప్యానెల్‌కు పెట్టి చూడండి. అది తెరుచుకుంటే యూవీసీ కెమెరా కూడా తెరుచుకునే అవకాశం చాలా ఎక్కువ. తెరుచుకోకపోతే హెచ్‌డీఎంఐ ఉన్న కెమెరా తీసుకోండి, ప్యానెల్‌కు అది టీవీకి సెట్‌టాప్ బాక్సు పెట్టినట్టే. హెచ్‌డీఎంఐ ఉన్నవి కంప్యూటర్ లేకుండానే ప్రొజెక్టరుకు తగిలించుకోవచ్చు, దృశ్యం ఆలస్యం కూడా తక్కువ. అయితే మీ పాత ప్రొజెక్టరుకు వీజీఏ (హెచ్‌డీఎంఐ తీగ నేరుగా పట్టని పాత రకం సాకెట్టు) ఒక్కటే ఉందేమో వెనక్కి తిప్పి చూడండి.

యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లకు మించితే సంకేతం నిలకడగా రాదు. గోడ మీది ప్యానెల్ నుంచి కిందికి దించి, నేల మీదుగా బల్ల దాకా తెచ్చేసరికి 5 మీటర్లు ఇట్టే అయిపోతాయి. ముందుగా ఒక తాడుతో కొలవండి. దూరం ఎక్కువైతే మధ్యలో సంకేతాన్ని బలపరిచే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ తీగ కొనాలి, మామూలు పొడిగింపు తీగను తెచ్చి తగిలించవద్దు.

మాస్టారు చెప్పిన నత్తనడకకు మరో కారణం కూడా ఉంది. 1920×1080 దృశ్యాన్ని కుదించకుండా సెకనుకు 30 ఫ్రేముల చొప్పున పంపాలంటే దాదాపు 1,000 మెగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 మోయగలిగేది గరిష్ఠంగా 480 మాత్రమే. అందుకే సాఫ్ట్‌వేరులో దృశ్య రూపం దగ్గర, ప్రతి ఫ్రేమునూ కుదించి పంపే ఎమ్‌జేపెగ్ అన్నదాన్ని ఎంచుకోవాలి. ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ ఎంపిక ఉంది. చాలామంది కెమెరా బాగాలేదని తిరిగి ఇచ్చేసిన సందర్భాల్లో ఈ ఒక్క మార్పుతో పని జరిగి ఉండేది.


సమాధానం 3
(తెలుగు పండితుడు, రాజమహేంద్రవరం)

మీ తెలుగు మాస్టారి తరఫున నేనొక మాట చెబుతాను. మన లిపికి ఒత్తులూ చుక్కలూ ప్రాణం. ‘థ’ కడుపులో చుక్క కనిపించకపోతే అది ‘ధ’ అవుతుంది. నిలువు పేజీని మొత్తంగా 768 చుక్కల ఎత్తున్న ప్రొజెక్టరుతో చూపిస్తే, 297 మిల్లీమీటర్ల ఏ4 కాగితంలో ఒక్కొక్క మిల్లీమీటరుకు రెండున్నర చుక్కలు దక్కుతాయి. రెండు మిల్లీమీటర్ల ఒత్తుకు వచ్చేది ఐదు చుక్కలు. వాటితో వెనక బెంచీ పిల్లవాడు క-ఒత్తునూ త-ఒత్తునూ వేరు చేసి చదవలేడు. అందువల్ల నోటు పుస్తకాన్ని ఎప్పుడూ సగం పేజీ, వీలైతే నాలుగైదు వరుసలు మాత్రమే తెర నిండా వచ్చేలా చూపించాలి. కెమెరా కాడ అంత కిందికి వంగుతుందా, అంత దగ్గరలో ఫోకస్ కుదురుతుందా అన్నది దుకాణంలోనే చూసుకోండి. కొన్ని కెమెరాలు ఒక జానెడు కంటే దగ్గరకు తెస్తే మసకబారుతాయి.

నాకు దీనితో కలిగిన పెద్ద మేలు అక్షరం రాసే క్రమం చూపించడం. నల్లబల్ల మీద రాసేటప్పుడు నా వీపే అడ్డం. కెమెరా కింద రాస్తే ‘ఋ’ ఎక్కడ మొదలై ఏ వైపు తిరిగి ఎక్కడ ముగుస్తుందో పెన్ను మొనతో సహా కనిపిస్తుంది. పెన్సిలు గీత తెర మీద తేలిపోతుంది, నల్లని జెల్ పెన్ను వాడండి. మీరు పిల్లల వైపు తిరిగి కూర్చొని, కెమెరా ఎదుటి వైపు నుంచి ఉంటే బొమ్మ తలకిందులవుతుంది. దానిని 180 డిగ్రీలు తిప్పే బొత్తం ఉండాలి. కొన్ని యాప్‌లు అద్దంలోలాగా కుడి ఎడమలు మారుస్తాయి. అదీ ఆపుకోగలగాలి, లేకపోతే అక్షరాలు తిరగబడతాయి.

పిల్లల నోటు పుస్తకంలోని తప్పులను చూపించేటప్పుడు పేరు రాసిన చోట ఒక చీటీ పెట్టి కప్పండి. ఎవరి రాతో తెలియకుండా తప్పును చర్చిస్తే తరగతి అంతా నేర్చుకుంటుంది, ఒక్క పిల్లవాడు కుంగిపోడు.


ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ రోజు సాయంత్రం గణితం మాస్టారి వెబ్‌క్యామ్ తెచ్చి ప్యానెల్‌కు పెట్టి చూశాను. ప్యానెల్‌లోని కెమెరా యాప్ దానిని వెంటనే తెరిచింది. ప్రొజెక్టరుకు వీజీఏ ఒక్కటే ఉంది, కానీ ఆ గదిలో ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది. తాడుతో కొలిస్తే బల్ల నుంచి ప్యానెల్ దాకా నేల మీదుగా ఆరు మీటర్ల పైచిలుకు వచ్చింది. బల్లను కిటికీ వైపు జరిపితే నాలుగున్నరకు తగ్గుతోంది, కానీ కిటికీ వెలుతురు కాగితం మీద పడుతుందేమో చూడాలి. ఫోను గురించి ఎవరైనా చెప్పగలరా?


సమాధానం 4
(వారాంతాల్లో పిల్లలకు తెలుగు నేర్పే గృహిణి, డాలస్)

నేను రెండేళ్ల పాటు ఫోనుతోనే తరగతులు నడిపాను కాబట్టి చెప్పగలను. మా పిల్లలు జూమ్‌లో ఇళ్ల నుంచే చేరతారు. వంటింటి బల్ల మీద రెండు పుస్తకాల దొంతరలు పెట్టి, వాటి మీద గాజు పలక పరచి, దాని మీద ఫోను పెట్టి కింద అక్షరాలు దిద్దించేదాన్ని. బొమ్మ నాణ్యతకు ఏ లోటూ లేదు. ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్ని ఫోన్లు యూఎస్‌బీ తీగతో నేరుగా వెబ్‌క్యామ్‌లా పనిచేస్తున్నాయి కూడా. ఇబ్బంది ఎక్కడంటే, పాఠం మధ్యలో ఫోను మోగుతుంది, సందేశాలు తెర మీదకు వచ్చేస్తాయి, గంటసేపు కెమెరా నడిస్తే ఫోను బాగా వేడెక్కిపోతుంది. ఒకసారి మా ఇంటి విషయం రాసిన సందేశం పన్నెండు మంది పిల్లల ముందు తెర మీద కనిపించింది. ఆ రోజే వేరే కెమెరా కొనాలని నిశ్చయించుకున్నాను.

మీరు ఒక్కరే, వారానికి ఒకసారి వాడేటట్టయితే పాత ఫోను ఒకటి సిమ్ తీసేసి స్టాండుకు బిగించుకుంటే చాలు. ముగ్గురు ఉపాధ్యాయులు వంతుల వారీగా వాడుకోవాలంటే ఎవరి ఫోనూ పనికిరాదు. బల్ల మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండి, తీగ తగిలించగానే వెలిగే వస్తువు ఉంటేనే అందరూ వాడతారు. ఇక్కడి బడిలో మా అమ్మాయి టీచరు బల్ల మీద కెమెరా శాశ్వతంగా బిగించి ఉంటుంది, నల్లబల్ల కంటే దానినే ఎక్కువ వాడతారట.


సమాధానం 1 రాసిన ఉపాధ్యాయుడు

మేడమ్ గారూ, వెబ్‌క్యామ్ తెరుచుకుంది కాబట్టి మీకు యూఎస్‌బీ కెమెరా చాలు. హెచ్‌డీఎంఐ కోసం అదనంగా పెట్టవలసిన డబ్బును నాణ్యమైన యాక్టివ్ తీగకు పెట్టండి, బల్లను కిటికీ దగ్గరకు జరపవద్దు. ఉదయం ఎండ పడితే తెల్ల కాగితం వెలిసిపోతుంది. ఇంకొక సంగతి. తెర మీది బొమ్మ ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటి కూర్చున్నవారికి అక్షరాలు చదవడం కష్టమని ప్రొజెక్టర్లు బిగించేవారు ఒక అంచనా వాడతారు. 65 అంగుళాల ప్యానెల్ ఎత్తు దాదాపు 81 సెంటీమీటర్లు, అంటే ఐదు మీటర్ల లోపే. మీ చివరి బెంచీ అంతకంటే దూరంలో ఉంటే పువ్వులూ ప్రయోగాలూ ప్యానెల్ మీద చూపించినా, రాత పనికి ప్రొజెక్టరు గదినే వాడండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ ల్యాప్‌టాప్, ఒక నోటు పుస్తకం, ఒక మందార పువ్వు తీసుకువెళ్లండి. పెట్టె తెరిపించి అక్కడే చూడండి.


ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

మీరు చెప్పినట్టే శనివారం వెళ్లి వచ్చాను. మూడు కెమెరాలు తెరిచి చూపించారు. 16 మెగాపిక్సెళ్ల దానిలో పువ్వు మీదకు సూది తేగానే దృశ్యం మసకబారి, తేరుకోవడానికి రెండు మూడు క్షణాలు పట్టింది, ఆపే బొత్తం లేదు. రెండోదానికి బొత్తం ఉంది కానీ కాడ బల్ల మీద చెయ్యి ఆనించినా ఊగింది. మూడోది 8 మెగాపిక్సెళ్లది. మూడు కీళ్ల గట్టి కాడ, తల మీదే ఫోకస్ ఆపే బొత్తం, 180 డిగ్రీలు తిప్పుకునే వీలు, సెట్టింగుల్లో 50 హెర్ట్‌జ్ ఎంపిక ఉన్నాయి. జానెడు కంటే దగ్గరలో కూడా నోటు పుస్తకంలోని ‘థ’ చుక్క స్పష్టంగా కనిపించింది. యాక్టివ్ తీగతో కలిపి మాకున్న సొమ్ములోనే వచ్చింది.

సోమవారం రెండో పీరియడులో మందారాన్ని నిలువుగా కోసి నల్ల చార్టు మీద పెట్టాను. కేసరనాళాన్ని సూదితో చీల్చి లోపలి కీలాన్ని బయటికి తీస్తుంటే, చివరి బెంచీలోని అబ్బాయి అండాశయం దాకా లెక్కపెట్టుకుంటూ వచ్చి, లోపల అండాలు కూడా చూపించమన్నాడు. అండాశయాన్ని అడ్డంగా కోసి చూపిస్తే ఐదు గదులున్నాయని వాడే చెప్పాడు.